హోమరును ఆంగ్లంలో పలికించిన పోప్

ఐరోపా సాహిత్యాలకు మూలకందం గ్రీకు సాహిత్యమైతే, ఆ సాహిత్యానికి ఆదికవి హోమర్. ఆయన పేరున నిలిచిన ఇలియడ్, ఒడిస్సీ మహాకావ్యాలు దాదాపు రెండువేల ఏడువందల సంవత్సరాలుగా పఠితలను అలరిస్తున్నాయి. ట్రాయ్ నగర సంగ్రామంలో వీరాగ్రేసరుడైన అకిలిస్ ఆగ్రహాన్నీ, దాని దుష్పరిణామాలనూ ఇలియడ్ వర్ణిస్తుంది. యుద్ధానంతరం స్వదేశానికి మరలిన ఒడిస్యూస్ సముద్రంపై పడిన ఇడుములను ఒడిస్సీ గానం చేస్తుంది. ఒక్కొక్క కావ్యంలో ఇరవై నాలుగు సర్గలు. గ్రీకు నేర్చిన పండితులకే పరిమితమైన ఈ కావ్యాలను ఆంగ్ల పాఠకుల ఇళ్ళలోకి తెచ్చి, ఆంగ్ల కావ్యాలే అన్నంతగా వారిచేత చదివించిన కవి అలెగ్జాండర్ పోప్. ఆయన విశ్వవిద్యాలయం మెట్టు ఎక్కినవాడు కాడు. నిటారుగా నిలబడగల శరీరం కూడా ఆయనకు లేదు.

పోప్ 1688 మే 21న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా అలెగ్జాండరే. ఆయన నారబట్టల వర్తకుడు. తల్లి ఎడిత్. కుమారుడు పుట్టేనాటికే ఆమె నలుబదులు దాటిన వయస్సులో ఉంది. వారిది రోమన్ కాథలిక్ కుటుంబం. పోప్ పుట్టిన సంవత్సరంలోనే ఇంగ్లండులో కాథలిక్ మతావలంబి అయిన రెండవ జేమ్స్ రాజు సింహాసనాన్ని కోల్పోయాడు. అనంతరం వచ్చిన శాసనాలు కాథలిక్కులను రెండవ తరగతి ప్రజలుగా మార్చాయి. వారు లండనుకు పది మైళ్ళ లోపల నివసించరాదు. విశ్వవిద్యాలయ పట్టాలు పొందరాదు. ప్రభుత్వోద్యోగాలు చేయరాదు. భూమిపై పన్ను ఇతరులకన్న రెట్టింపు చెల్లించాలి. ఆ కాలపు కవులకు జీవనాధారం రాజాశ్రయమో, ప్రభుత్వ పదవియో, ఉపకారవేతనమో అయి ఉండేది. ఆ మూడు ద్వారాలూ పోప్ పుట్టుకతోనే మూసుకుపోయాయి. ఆయన జీవితాన్ని అర్థం చేసుకోదలచినవారు ఈ విషయాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి.

బాలునికి చదవటం నేర్పింది మేనత్తవలె ఇంట ఉన్న ఒక బంధువు. వ్రాయటం మాత్రం ఆయన తనంతట తానే నేర్చుకున్నాడు. అచ్చుపుస్తకాలలోని అక్షరాలను ఎదుట పెట్టుకొని, వాటిని చూచి గీస్తూ వ్రాత అలవరచుకున్నాడు. ఎనిమిదవ ఏట ఒక మతగురువు వద్ద లాటిన్, గ్రీకు భాషల ప్రాథమిక పాఠాలు నేర్చాడు. పిమ్మట ట్విఫర్డ్ గ్రామంలోనూ లండనులోనూ పాఠశాలల్లో కొంతకాలం గడిపాడు గాని, ఆ చదువు ఎక్కువ కాలం సాగలేదు. ఒక గురువుపై అధిక్షేప పద్యం వ్రాసి దండన పొందాడని చెబుతారు. ఆయన భావిజీవితం తెలిసినవారికి ఈ కథ ఆశ్చర్యం కలిగించదు.

ఆ రోజుల్లోనే జాన్ ఓగిల్బీ చేసిన హోమర్ అనువాదం ఒకటి బాలుని చేతికి చిక్కింది. అది గొప్ప అనువాదం కాదు. బొమ్మలు మాత్రం నిండుగా ఉన్న పెద్ద పుస్తకం. ఆ పుస్తకం చదివినప్పటి ఆనందాన్ని వృద్ధాప్యంలో కూడా పోప్ మిత్రులకు తలచి చెప్పేవాడు. ఆ ఉత్సాహంతో ఇలియడ్ ఘట్టాలను నాటకంగా కూర్చి, నడుమ నడుమ సొంత పద్యాలు అతికి, తోటి విద్యార్థులచేత ప్రదర్శింపజేశాడు. మహాబలుడైన ఏజాక్స్ పాత్రకు తగిన దేహపుష్టి గలవాడు పిల్లల్లో దొరకలేదు కాబోలు, గురువుగారి తోటమాలికి ఆ వేషం వేయించారు.

సుమారు 1700లో కుటుంబం విండ్సర్ అడవి ప్రాంతంలోని బిన్‌ఫీల్డ్ గ్రామానికి తరలివెళ్ళింది. పన్నెండేండ్ల బాలునికి అప్పటినుంచి బడి లేదు, గురువు లేడు, తండ్రి గ్రంథాలయమే విద్యాలయం. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్ కవులను నిఘంటువుల సాయంతో ఇష్టం వచ్చినట్లు చదివాడు. వ్యాకరణం నేర్చి కావ్యం చదవటం లోకరీతి. పోప్ కావ్యం చదువుతూ వ్యాకరణం పట్టుకున్నాడు. నచ్చిన పద్యాన్ని అనువదించటం, నచ్చిన కవిని అనుకరిస్తూ వ్రాయటం ఆయన దినచర్య అయింది. ఛాసర్, స్పెన్సర్, వాలర్, కౌలీ మొదలైన ఆంగ్ల కవుల శైలిని ఒక్కొక్కటిగా అనుకరించి, ఒక్కొక్కరి వాక్యం ఎలా నడుస్తుందో చేతితో తెలుసుకున్నాడు. అందరికంటె ఆయనకు ఆరాధ్యుడు డ్రైడన్. బాల్యంలో ఒకసారి విల్స్ కాఫీశాలకు వెళ్ళి ఆ వృద్ధకవిని దూరం నుంచి దర్శించి వచ్చాడు.

ఇదే వయస్సులో ఆయనను మహావ్యాధి సోకింది. అది వెన్నెముకకు పట్టిన క్షయ. వెన్ను వంగిపోయింది, గూని ఏర్పడింది, ఎదుగుదల నిలిచింది. పెద్దవాడైన తరువాత కూడా ఆయన ఎత్తు నాలుగున్నర అడుగులే. శిరోవేదన జీవితాంతం విడువలేదు. నడివయస్సులో బిగుతైన గుడ్డ కవచం తొడిగితే తప్ప నిలబడలేని స్థితి వచ్చింది. సన్నని కాళ్ళు కనబడకుండా మూడేసి జతల మేజోళ్ళు ధరించేవాడు. పరుల సాయం లేనిదే లేవలేడు, దుస్తులు ధరించలేడు. ఇటువంటి దేహంతో ఆయన ఇలియడ్ వంటి యుద్ధకావ్యాన్ని తలకెత్తుకున్నాడు.

పోప్ కవితాసాధనలో ఒక మిత్రుని ఉపదేశం మలుపు తెచ్చింది. విలియం వాల్ష్ అనే విమర్శకుడు ఆయనకు ఒక మాట చెప్పాడు. ఆంగ్లంలో మహాకవులు ఉన్నారు గాని నిర్దుష్టంగా వ్రాసిన మహాకవి ఇంకా పుట్టలేదు, ఆ కీర్తిని నీవు సాధించు అని ఆ ఉపదేశ సారాంశం. పోప్ దానిని మంత్రంగా స్వీకరించాడు.

ఆయన ఎన్నుకున్న ఛందస్సు హీరోయిక్ కప్లెట్. పదేసి అక్షరాలు గల రెండు పాదాలు, పాదాంతాల్లో అంత్యప్రాస, రెండవ పాదంతో సాధారణంగా ముగిసే భావం దాని లక్షణాలు. రంగనాథ రామాయణం చదివిన తెలుగు విద్యార్థికి మన ద్విపద వెంటనే స్ఫురిస్తుంది. రెండూ రెండు పాదాల ఛందస్సులే, రెండూ కథనానికి అనుకూలమైనవే. అయితే ద్విపదలో ప్రాస పాదంలోని రెండవ అక్షరానికి చెందింది. కప్లెట్‌లో పాదాంతానికి చెందింది. ఇటువంటి ఛందస్సుకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ప్రతి రెండు పాదాలకూ వాక్యం ముగుస్తూ, ప్రతి పాదమూ ఒకే చోట విరుగుతూ పోతే, పది పద్యాలకే పాఠకునికి జోల పాడినట్లవుతుంది. వేల పద్యాల కావ్యంలో ఆ దోషం ఎంత భరింపరానిదో ఊహించవచ్చు.

దీనికి విరుగుడును పోప్ యౌవనంలోనే శ్రద్ధగా అన్వేషించాడు. ఒక లేఖలో ఆ నియమాలను క్రోడీకరించాడు. పది అక్షరాల ఆంగ్ల పాదంలో సహజమైన విరామం నాలుగవ అక్షరం తరువాతనో, అయిదవదాని తరువాతనో, ఆరవదాని తరువాతనో వస్తుంది. ఆ మూడు స్థానాలనూ మార్చి మార్చి వాడాలి. ఒకే విరామాన్ని వరుసగా మూడు పాదాలకు మించి కొనసాగించరాదు. (సంస్కృత ఛందస్సులో యతి అంటే ఇటువంటి విరామమే, తెలుగులో యతి అక్షరమైత్రి అయింది.) పాదం నింపటానికి అర్థం లేని సహాయక క్రియలను జొప్పించరాదు. ఒకే అంత్యప్రాసను నాలుగారు పాదాలలోపు మళ్ళీ తేరాదు. నేటి ఆంగ్లోపాధ్యాయులు వాక్యవైవిధ్యమనే పేరుతో తరగతిలో బోధించే అంశం దాదాపు ఇదే. వాక్యాలన్నీ ఒకే పొడవున, ఒకే విధంగా మొదలై, ఒకే విధంగా ముగియరాదని వారు చెబుతారు. పోప్ ఆ పాఠాన్ని ఎవరి వద్దా నేర్వలేదు. చెవితో పట్టుకున్నాడు.

1711లో వెలువడిన ఎస్సే ఆన్ క్రిటిసిజం అనే పద్యకృతిలో ఈ పాఠాన్ని సోదాహరణంగా నిరూపించాడు. దోషాన్ని చెప్పే పాదంలోనే ఆ దోషాన్ని చేసి చూపటం ఆయన చమత్కారం. చిన్న చిన్న మాటలను గుప్పించటం తప్పని చెప్పే పాదం పది ఏకాక్షర పదాలతో ఈడ్చుకుంటూ నడుస్తుంది. అనవసరంగా సాగదీసిన పాదాన్ని గాయపడిన పాముతో పోల్చినప్పుడు ఆ పాదమే రెండక్షరాలు అదనంగా సాగి పాకుతుంది. ధ్వని భావానికి ప్రతిధ్వని కావాలన్నది ఆయన సిద్ధాంతం. దానికి ఉదాహరణగా హోమర్ వీరుడైన ఏజాక్స్ బండరాయిని ఎత్తి విసరే శ్రమను బరువైన పరుష పదాలతోనూ, వర్జిల్ కావ్యంలోని కమిల్లా పైరు కంకులు వంగకుండా వాటిపై పరుగెత్తే వేగాన్ని తేలిక పదాలతోనూ చిత్రించాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేండ్లు ఇంకా నిండలేదు.

ఆ గ్రంథంలో జాన్ డెన్నిస్ అనే విమర్శకుని ఎత్తిపొడిచినందుకు ప్రతీకారం ఘోరంగా వచ్చింది. డెన్నిస్ కవిత్వాన్ని విమర్శించి ఊరుకోలేదు. కవి గూనిని గురించి, కురూపాన్ని గురించి అచ్చులోనే అపహాస్యం చేశాడు. ఆనాటి సాహిత్య కలహాల్లో సభ్యత అంతంత మాత్రమే. పోప్ జీవితాంతం ఇటువంటి మాటలు పడ్డాడు. తిరిగి అంతకంటె వాడిగా అన్నాడు కూడా. ఆయనను కేవలం బాధితునిగా చిత్రించటం సత్యం కాదు.

1712లో మొదట వెలువడి, 1714లో పెంచి ప్రచురితమైన ది రేప్ ఆఫ్ ది లాక్ ఆయనకు అమితమైన కీర్తిని తెచ్చింది. ఒక యువకుడు ఒక యువతి ముంగురులను కత్తిరించిన స్వల్ప సంఘటనను ఇతిహాస గాంభీర్యంతో వర్ణించిన హాస్యకావ్యమది. హోమర్ వీరులు కవచాలు ధరించే ఘట్టానికి బదులు ఇక్కడ కథానాయిక అలంకరణ బల్ల ముందు కూర్చుంటుంది. రణరంగానికి బదులు పేకాట సాగుతుంది. ఇతిహాసపు కట్టుబాట్లు అణువణువునా తెలిసినవాడే దానిని ఇంత చక్కగా వెక్కిరించగలడు.

బిన్‌ఫీల్డ్ సమీపంలో సర్ విలియం ట్రంబుల్ అనే విశ్రాంత రాయబారి ఉండేవాడు. పోప్ సరదాగా అనువదించిన సార్పిడాన్ మరణఘట్టం చూచి, హోమరును సమగ్రంగా ఆంగ్లీకరించమని మొదట ప్రోత్సహించింది ఆ పెద్దమనిషే. ఆ మాట కొన్ని సంవత్సరాలు మనస్సులో నాని 1713లో కార్యరూపం దాల్చింది. ఇలియడ్‌ను ఆరు సంపుటాలుగా, ఏటికొకటి చొప్పున వెలువరిస్తానని పోప్ ప్రకటించాడు. చందాదారులు ఒక్కొక్క సంపుటానికి ఒక గినీ చెల్లించాలి. జోనథన్ స్విఫ్ట్ లండన్ మందిరాల్లో తిరిగి, ప్రభువులను పట్టుకొని చందాలు కట్టించాడు. 575 మంది చందాదారులయ్యారు. ప్రచురణకర్త బెర్నార్డ్ లింటాట్‌తో 1714లో కుదిరిన ఒడంబడిక ఆనాటి కవులెవ్వరూ కలగననిది. సంపుటానికి రెండువందల గినీల వంతున రొక్కం చెల్లించటమే కాక, చందాదారులకు పంచే ప్రతులను ఉచితంగా అచ్చువేసి ఇవ్వటానికి లింటాట్ అంగీకరించాడు.

సొమ్ము సరే, పని మాట ఏమిటి? ఇలియడ్ మూలంలో పదిహేను వేల ఆరువందలకు పైగా పాదాలున్నాయి. ఒప్పందం కుదిరిన పిదప పోప్ ధైర్యం సడలింది. దారి తెలియని దూరప్రయాణంలో చిక్కుకున్నట్లు, అది ఎప్పటికీ ముగియనట్లు రాత్రిళ్ళు కలలు వచ్చేవి. ఎవరైనా తనను ఉరితీస్తే బాగుండునని అనుకున్న సందర్భాలున్నాయని తరువాతి కాలంలో ఆయనే స్నేహితులతో చెప్పుకున్నాడు. క్రమంగా ఒక పద్ధతి అలవడింది. ఉదయం పడక మీద నుంచి లేవకముందే ముప్పయి నలభై పాదాలు అనువదించటం, మిగిలిన పూర్వాహ్ణమంతా వాటిని దిద్దటం. మొదట ఉత్సాహంతో ఏకబిగిన వ్రాసేవాడు. పిదప మూలంతోనూ ఇతర అనువాదాలతోనూ సరిచూచేవాడు. చివర నడక కోసం మాత్రమే మళ్ళీ చదివేవాడు. కాగితం కొనటంలో మాత్రం మహా పొదుపరి. తనకు వచ్చిన ఉత్తరాల వెనుక వైపున, అంచులలో, ఖాళీ దొరికిన చోటనల్లా ఇలియడ్ వ్రాశాడు.

ఆయనకు గ్రీకు ఎంత వచ్చు అన్న ప్రశ్న ఆనాడే తలెత్తింది. పండితులతో పోల్చదగినంత రాదనటం నిజం. లాటిన్ అనువాదాన్ని, ఫ్రెంచి విదుషీమణి మదామ్ దాసియే వచనానువాదాన్ని, ఆంగ్లంలో చాప్‌మన్, హాబ్స్, ఓగిల్బీల అనువాదాలను ఎదుట పెట్టుకొని మూలంలోకి దారి చేసుకున్నాడు. హోమర్ జీవితంపై పీఠికా వ్యాసాన్ని మిత్రుడు పార్నెల్ సమకూర్చాడు. యూస్టాథియస్ రచించిన గ్రీకు వ్యాఖ్యానం నుంచి విలియం బ్రూమ్ విషయసేకరణ చేసి పెట్టాడు.

1715 జూన్ 6న మొదటి సంపుటం వెలువడింది. రెండు రోజులకే థామస్ టికెల్ చేసిన ఇలియడ్ ప్రథమ సర్గ అనువాదం విపణిలోకి వచ్చింది. టికెల్ వెనుక ఉన్నది ప్రఖ్యాత వ్యాసకర్త జోసెఫ్ ఎడిసన్. మిత్రుడనుకున్నవాడు పోటీ అనువాదాన్ని ప్రోత్సహించటం పోప్‌కు పెద్ద గాయమైంది. పాఠకలోకం పోప్ పక్షం వహించింది. టికెల్ రెండవ సర్గ వెలువడనే లేదు. అయినా ఆ గాయం మానలేదు. ఎడిసన్ మరణించిన చాలా కాలం తరువాత కూడా ఆయనను ఎట్టికస్ అనే మారుపేరుతో వ్యంగ్యచిత్రంగా గీసి 1735లో ఒక కావ్యలేఖలో శాశ్వతంగా నిలిపాడు. ఎదుటివాని గుణాలను ముందు ఒప్పుకొని, ఆ వెనుక అసూయను బయటపెట్టే ఆ చిత్రణను ఆంగ్లంలో దీర్ఘవాక్య నిర్మాణానికి ఒక చక్కని ఉదాహరణగా చెప్పుకోవచ్చు. ఒకే వాక్యం ఇరవై పాదాలకు పైగా సాగుతుంది.

ఇక అనువాదం సంగతి. హోమర్ పాదం ఆరు గణాల దీర్ఘపాదం, అంత్యప్రాస లేదు, భావం ఒక పాదం నుంచి మరొక పాదంలోకి నదీప్రవాహంలా ఒరుసుకొని పోతుంది. మాటలు సరళం, కథనం వేగం. పైగా హోమర్ ఒకే విశేషణాన్ని, ఒకే పాదాన్ని, ఒక్కొక్కప్పుడు ఒక పూర్తి సందేశాన్ని మార్పు లేకుండా పలుమార్లు తిరిగి చెబుతాడు. తెల్లవారిన ప్రతిసారీ ఉషస్సు గులాబి వేళ్ళదే. అకిలిస్ కూర్చున్నా శీఘ్రపాదుడే. పునరుక్తిని దోషంగా ఎంచిన పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల కవికి ఇది పెద్ద చిక్కు. పోప్ తన పీఠికలో దీనిని ప్రత్యేకంగా చర్చించి, మధ్యేమార్గాన్ని అవలంబించాడు. దేవతల ఆజ్ఞల వంటి చోట్ల పునరుక్తికి ఒక గౌరవం ఉంది, అక్కడ దానిని నిలుపవచ్చు; తక్కిన చోట్ల దగ్గర దగ్గరగా వచ్చిన పునరుక్తిని తప్పించవచ్చునని తలచాడు. ఆచరణలో తప్పించటానికే ఎక్కువ మొగ్గు చూపాడు. హోమర్ ఒకే విధంగా చెప్పిన ఉదయాన్ని పోప్ పలు విధాల చెప్పాడు. హోమర్ పునరుక్తులు ఆశువుగా గానం చేసే మౌఖిక కవుల పనిముట్లని మిల్‌మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు 1928లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథాలతో నిరూపణ మొదలుపెట్టే వరకూ ఈ భేదంలోని అసలు కారణం లోకానికి బోధపడలేదు. హోమర్ కావ్యం చెవికోసం పుట్టింది, పోప్ కావ్యం కంటికోసం పుట్టింది. నా దృష్టిలో పోప్ కోల్పోయినది హోమర్ సరళత. సాధించినది నిలువెత్తు వాగ్ధాటి. వీరుల ప్రసంగాల్లో, సేనలు తలపడే ఘట్టాల్లో ఆయన పద్యం మూలంతో భుజం కలిపి నడుస్తుంది. ఇంటి ముచ్చట్లలో, వంటల్లో, స్నానాల్లో మాత్రం అనవసరంగా పట్టుబట్టలు కట్టుకుంటుంది.

1720లో ఆరవ సంపుటంతో ఇలియడ్ ముగిసింది. ఆ కావ్యం వల్ల పోప్‌కు దాదాపు అయిదువేల పౌన్లు లభించాయి. రాజాశ్రయం లేకుండా, పదవి లేకుండా, పాఠకుల సొమ్ముతోనే స్వతంత్రంగా జీవించగలిగిన తొలి ఆంగ్ల కవి ఆయనే అని చెప్పవచ్చు. మధ్యలో 1717లో తండ్రి మరణించాడు. లండనుకు పది మైళ్ళ నిబంధన అప్పటికి అంత కఠినంగా అమలులో లేదు. తల్లిని వెంటబెట్టుకొని థేమ్స్ నదీతీరాన ట్వికెన్‌హామ్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటికీ తోటకూ నడుమ రాజమార్గం ఉండటంతో దాని కింద సొరంగం తవ్వించి, గవ్వలతో, ఖనిజశిలలతో, అద్దాలతో అలంకరించిన గుహగా తీర్చిదిద్దాడు.

హోమర్ రెండవ కావ్యం దగ్గర పోప్ కీర్తికి మచ్చ పడింది. ఒడిస్సీకి కూడా చందాలు స్వీకరించి 1725, 1726 సంవత్సరాల్లో అయిదు సంపుటాలుగా వెలువరించాడు. ఆరేండ్ల ఇలియడ్ పరిశ్రమతో అలసిన ఆయన ఈసారి ఇద్దరు సహాయకులను ఏర్పరచుకున్నాడు. ఎలిజా ఫెంటన్ నాలుగు సర్గలు, విలియం బ్రూమ్ ఎనిమిది సర్గలు అనువదించారు. వ్యాఖ్యలన్నీ బ్రూమ్ వ్రాశాడు. పోప్ స్వయంగా అనువదించినవి పన్నెండు. వారి పద్యాలను ఆయన ఎంత నేర్పుగా దిద్దాడంటే చదువరికి అతుకు కనబడదు. సహాయకులు ఉన్నారన్న మాట దాచలేదు గాని, వారి పాలు ఎంతో దాచాడు. గ్రంథాంతంలో బ్రూమ్ పేరుతోనే వెలువడిన గమనికలో వారిద్దరూ చేసినది అయిదు సర్గలే అన్నట్లు ప్రకటించారు. నిజం పొక్కిన తరువాత శత్రువులకు పండుగ అయింది. బ్రూమ్‌కు ముట్టినది సుమారు అయిదువందల పౌన్లు, ఫెంటన్‌కు అంతకన్న తక్కువ. పోప్ లాభం వేలల్లో. నిర్దుష్టత కోసం అక్షరం అక్షరం తూచిన కవి లెక్క చెప్పే చోట ఇలా తప్పటం ఆయన అభిమానులను సైతం నొప్పిస్తుంది. పదవులకు అనర్హుడైనవానికి ధనం ఒక్కటే స్వాతంత్ర్యమన్న వాదం కొంత దూరమే నడుస్తుంది. శ్రమించిన మిత్రుల పేరు తగ్గించటానికి అది సమాధానం కాదు.

ఆ తరువాతి జీవితాన్ని సంగ్రహంగా చెప్పుకోవచ్చు. 1725లో షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరించి ప్రచురించాడు. ఆ పరిష్కరణలోని దోషాలను లూయిస్ థియోబాల్డ్ ఎత్తిచూపగా, 1728లో డన్సియడ్ అనే అధిక్షేప కావ్యం వ్రాసి థియోబాల్డ్‌ను మందమతుల రాజుగా పట్టాభిషిక్తుణ్ణి చేశాడు. థియోబాల్డ్ చెప్పిన సవరణల్లో చాలా భాగం సరైనవని తరువాతి పండితులు ఒప్పుకున్నారు. 1733, 1734లలో ఎస్సే ఆన్ మ్యాన్ వెలువడింది. 1733లో తొంబది ఏండ్ల వయస్సులో తల్లి కన్నుమూసింది. అంతవరకు ఆయన ఆమెను విడిచి ఎక్కువ రోజులు ఎక్కడా ఉండలేదు. ఆయన కోపాలను లెక్కించేవారు ఈ సేవను కూడా లెక్కించాలి.

1744 మే 30న పోప్ ట్వికెన్‌హామ్‌లో మరణించాడు. అప్పటికి యాభై ఆరేండ్లు నిండి కొద్ది రోజులైంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో ఆయనను ఖననం చేశారు. ఆ ఇంటిని చూడటానికి వచ్చే యాత్రికుల తాకిడికి విసిగి, తరువాతి యజమానురాలు లేడీ హౌ 1808లో దానిని పడగొట్టించింది. నేలకింది గుహ మాత్రం నేటికీ మిగిలింది.

పోప్ హోమరుపై వాదం ఆయనతో ముగియలేదు. మహాపండితుడైన రిచర్డ్ బెంట్లీ మొదట్లోనే అది అందమైన కావ్యమని ఒప్పుకొని, దానిని హోమర్ అని మాత్రం పిలువరాదని తేల్చాడు. శామ్యూల్ జాన్సన్ దానిని ఆంగ్లభాషకు జరిగిన మహోపకారంగా భావించాడు. ఆంగ్ల పద్యానికి శ్రుతి కుదిర్చిన గ్రంథమని ప్రశంసించాడు. విలియం కౌపర్ అంత్యప్రాసే ఈ అనర్థానికి మూలమని తలచి 1791లో ప్రాసరహిత పద్యంలో మరో అనువాదం చేశాడు. కీట్స్ 1816లో ఒక రాత్రి చాప్‌మన్ పాత అనువాదం చదివి, పోప్ అనువాదంలో తాను చూడని హోమరును చూచి పులకించాడు. మాథ్యూ ఆర్నాల్డ్ 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రారంభించిన ఉపన్యాసాల్లో హోమర్ గుణాలుగా వేగం, పదసారళ్యం, భావసారళ్యం, ఔదాత్యం అనే నాలుగింటిని పేర్కొని, పోప్ వద్ద సారళ్యం లోపించిందని నిర్ణయించాడు. ఈ విమర్శలన్నీ సమంజసాలే. అయినా గ్రీకు బోధించే పాఠశాలలకు నోచుకోని స్త్రీలు, వృత్తిపనివారు, పల్లెటూరి బాలురు నూరేండ్లకు పైగా ట్రాయ్ కోటను చూచింది పోప్ పద్యాల గవాక్షం నుంచే. లిండ్లీ మరే 1799లో కూర్చిన ఇంగ్లిష్ రీడర్ వంటి పాఠ్యగ్రంథాల ద్వారా ఆయన పద్యాలు తరగతి గదుల్లోకి వచ్చి, గట్టిగా చదివి విరామాలు పాటించటం నేర్చే పిల్లల నోట నిలిచాయి.

ఉత్తరాల వెనుక వ్రాసిన ఆ ఇలియడ్ చిత్తుప్రతి పోప్ నుంచి బోలింగ్‌బ్రోక్ ప్రభువుకు, ఆయన నుంచి డేవిడ్ మాలెట్‌కు చేరి, చివరకు బ్రిటిష్ మ్యూజియానికి వచ్చింది. నేడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఒక పుటపై అకిలిస్ డాలును పోప్ స్వహస్తంతో గీసిన బొమ్మ ఉంది. జాన్సన్ తన కవుల జీవితాలలో పోప్ చరిత్ర వ్రాసేటప్పుడు ఈ చిత్తుప్రతిని తెప్పించుకొని, కొట్టివేతలతో, దిద్దుబాట్లతో సహా కొన్ని పుటలను అచ్చువేయించాడు. కావ్యం ఎలా పుడుతుందో విద్యార్థి కన్నులారా చూడాలని ఆయన ఉద్దేశం.

అచ్చులోకి వెళ్ళిన తరువాత కూడా పోప్ కలం ఆగలేదు. గ్రీకు ఇలియడ్‌లో మొట్టమొదటి పదం ఆగ్రహం. 1715 నాటి మొదటి ముద్రణలో పోప్ కూడా ఆగ్రహాన్నే ముందుంచి, వీరుని పెలియస్ కుమారుడని తండ్రి పేరుతో సూచించాడు. అది మూలానికి సన్నిహితం. తరువాతి ముద్రణలో ఆ రెండు పాదాలనూ విప్పి మళ్ళీ అల్లాడు. తండ్రి పేరు తొలగింది; అకిలిస్ పేరు వాక్యం మొదటికి వచ్చింది, ఆగ్రహం దాని వెనుక నిలిచింది, దుఃఖాలు రెండవ పాదంలోకి జరిగాయి. నేడు లోకంలో ప్రచారంలో ఉన్నది ఆ రెండవ పాఠమే.